అయిదో తీగ

స్ట్రామ్‌నెస్ రేవులో పడవ దిగేసరికి
వాన అడ్డంగా కురుస్తోంది.
ఈ దీవిలో వాన పైనుంచి పడదు, పక్కనుంచి వస్తుంది,
అప్పులవాడిలా, తలుపు కొట్టకుండా.

భుజాన సంచి, సంచిలో మీటరు.
దానికి తెలివైనదని పేరు పెట్టింది కంపెనీ.
అరగంటకోసారి తన లెక్క తనే చెప్పుకుంటుంది,
ఇక నేను ఇల్లిల్లూ తిరిగి రీడింగు రాసుకోనక్కర్లేదు.
అంటే నా ఉద్యోగాన్ని నేనే ఊడబెరుక్కుంటున్నాను,
నా స్క్రూడ్రైవరుతోనే.

థోరా ఫ్లెట్ తలుపు తీసింది. ఎనభై ఒకటి.
"వచ్చావా ఎర్లెండ్, మీ అమ్మ మోకాలు ఎలా ఉంది?"
ఇక్కడ కస్టమరు నంబరు ఎవరూ అడగరు.

గోడవారన రెండు హీటర్లు, లోపల ఇటుకలు.
రాత్రి చవక కరెంటు తాగి ఎర్రబడతాయి,
పగలంతా నివురుగప్పిన నిప్పులా
కొంచెం కొంచెంగా వేడి వదులుతాయి.
సాయంత్రం ఆరయ్యేసరికి చేతులెత్తేస్తాయి,
ఆవిడకి కావలసింది అప్పుడే కదా.
అయినా ముప్ఫై నాలుగేళ్ల కాపురం.

మెట్ల కింద అల్మారాలో ఒక నల్లపెట్టె.
దూరాన ఎక్కడో లాంగ్‌వేవ్ రేడియో స్తంభం
వార్తల అడుగున, వాతావరణం అడుగున
మనిషి చెవికందని ఒక మాట పంపుతుంది:
ఇక రాజెయ్యి.
పదకొండున్నరకి పెట్టె టక్కుమంటుంది.
ఆ టక్కు విని థోరా దీపం ఆర్పుతుంది.
గడియారం చూసి ఎన్నాళ్లయిందో ఆవిడకే తెలియదు.

ఆ స్తంభం ముసలిదైపోయింది. ఆపేస్తారట.
అందుకే నేను.

మూత విప్పాను.
పాతదానికి అయిదు తీగలు.
వచ్చేవి రెండు, వెళ్లేవి రెండు,
అయిదోది హీటర్లకి మాత్రమే, రాత్రికి మాత్రమే.
నా సంచిలోని తెలివైనదానికి
నాలుగే నోళ్లు.

వేళ్ల మీద మళ్లీ లెక్కపెట్టాను.
ఒకటి, రెండు, మూడు, నాలుగు.
అయిదోది గాల్లో చెయ్యి చాపి నిలబడింది,
బడి వదిలాక ఎవరూ తీసుకెళ్లడానికి రాని పిల్లలా.

ఫోన్ చేశాను. గ్లాస్గోలో ఒకమ్మాయి, గొంతులో జలుబు.
"స్క్రీన్ మీద మాత్రం ఆ ఇంటికి కుదిరినట్టే చూపిస్తోంది."
స్క్రీన్ మీద ఎవరికీ చలెయ్యదు.

"నాలుగింటితో బిగించెయ్యకూడదా?"
బిగించవచ్చు, థోరా.
అప్పుడు హీటర్లు రాత్రంతా ఎదురుచూస్తాయి, పిలుపు రాదు.
లేదా పగలూ రాత్రీ తేడా లేక తాగుతూనే ఉంటాయి,
ఖరీదైన కరెంటు, దుకాణం మూసేదాకా.
మార్చి ఆఖర్న బిల్లు చూసి మీరు
నన్ను పేరు పెట్టి తిడతారు, మా అమ్మ ముందు.

ఆవిడ నవ్వలేదు. కిటికీలోంచి చూసింది.
కొండ మీద మూడు గాలిమరలు,
రెండు తిరుగుతున్నాయి, ఒకటి ఆగి ఉంది.
"గాలి లేకనా?"
"ఎక్కువై. కరెంటు మిగిలిపోయిందట,
సముద్రం దాటించే తీగ ఇరుకు."
ఊలు చుట్టడం ఆపింది.
"అక్కడ మిగిలింది. ఇక్కడ లేదు.
మధ్యలో నువ్వు, నాలుగు నోళ్ల పెట్టెతో."

ఏం చెప్పను.
ఎడ్డెమంటే తెడ్డెమనే రెండు యంత్రాల మధ్య
సంధి చెయ్యమని జీతమిస్తారు,
వాటి భాష మాత్రం నేర్పరు.

పాతపెట్టెకి మూత బిగించాను.
ఫారంలో, కారణం అన్నచోట, చిన్న గడి.
సరిపడలేదు అని రాశాను.
ఎవరికి ఎవరన్నది రాయడానికి చోటు లేదు.

సాయంత్రం పడవ రద్దు, గాలి ఎక్కువని.
అదే గాలి.
థోరా సోఫా చూపించి రెండు కంబళ్లిచ్చింది.
హీటరు మీద అరచెయ్యి ఆనించాను,
పడుకున్న ఆవు పొట్టంత వెచ్చదనం కూడా లేదు.

పదకొండు. పదకొండుంపావు.
పై గదిలో ఆవిడా, కింద నేనూ,
ఒక పాతపెట్టె మాట కోసం చెవులు రిక్కించి.

పదకొండున్నర.
ముప్ఫై ఒకటి.
ముప్ఫై రెండు.

టక్.

పైన స్విచ్చి చప్పుడు. చీకటి.
గోడవారన ఇటుకలు చిటపటమంటూ మొదలుపెట్టాయి.
సంచిలో తెలివైనది
ఏమీ తెలియక పడుకుంది.
నా చేతులింకా చల్లగానే ఉన్నాయి.
ఇటుకలకి తెల్లారేదాకా గడువుంది.